నూట పదిహేడో నెంబరుకి అనుమతి లేదు

డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ అంటే ఏం ఉద్యోగమో ప్రసూన పద్నాలుగేళ్ళుగా చుట్టాలకు చెప్పి చెప్పి విసిగిపోయింది. కంప్యూటర్లు బాగుచేస్తుందని కొందరు, బ్యాంకులో పని కాబోలని కొందరు అనుకునేవాళ్ళు. పెళ్ళిళ్ళలో కనబడితే చాలు, "ఫోన్ స్లో అయిపోయిందమ్మా, కాస్త చూసిపెట్టు" అని చేతిలో పెట్టేవాళ్ళు. చివరికి తనే ఒక జవాబు తయారు చేసుకుంది. "వాచ్‌మన్ పనండీ. ఎవరు లోపలికి రావచ్చు, వచ్చినవాళ్ళు ఏ గది దాకా వెళ్ళచ్చు, ఏం ముట్టుకోవచ్చు, రేపు ఇల్లు తగలబడితే మళ్ళీ ఎలా నిలబెట్టాలి, ఇవే చూస్తాను." దాంతో చుట్టాలకు ఆమె ఉద్యోగం మీద గౌరవం పోయింది, ఆమెకు కాస్త ప్రశాంతత దక్కింది.

ఆ బుధవారం ఉదయం ఆ వాచ్‌మన్‌కి లోపల దొంగ అడుగులు కనిపించాయి. కంగారు పడాల్సిన సంగతేమిటంటే అవి తన చెప్పుల గుర్తులే.

ఆమె పనిచేసే ప్రయోగశాల విశాఖపట్నంలో ఎండాడ కొండ మీద ఉంది. పేరు 'జ్ఞప్తి'. మెదడువాపు వచ్చో, పక్షవాతం కొట్టో, తలకు దెబ్బ తగిలో జ్ఞాపకం పోగొట్టుకున్నవాళ్ళు నూట నలభై రెండు మంది దాన్ని నమ్ముకుని బతుకుతున్నారు. ఒక్కొక్కరి చెవి వెనక రూపాయి బిళ్ళంత పరికరం ఉంటుంది. ఎదురుగా ఒక మనిషి కనబడగానే అది కొండ మీది డేటాబేస్‌ని అడుగుతుంది. రెప్పపాటులో జవాబు వస్తుంది. ఆ జవాబు మాటల్లో రాదు. ఆ మనిషి ఎవరో, ఎక్కడ చూశామో, కోపమో ఇష్టమో, అచ్చం మామూలు జ్ఞాపకంలాగే వచ్చి మనసులో కూర్చుంటుంది. రోజంతా జరిగినవి సాయంత్రానికి కొత్త వరుసలై అక్కడికి వెళ్ళి చేరతాయి.

పోయిన పాత జీవితం మాత్రం ఎవరో ఒకరు చెప్పాల్సిందే. అందుకని మొదటి ఆరు నెలలూ ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి, చెప్పించుకుని ఎక్కించేవారు. ఆ పనిని అక్కడ 'నాట్లు' అనేవారు. నాట్లు అయిపోయాక తలుపులు మూసేస్తారు. ఇక పరికరం తప్ప మరెవరూ ఒక్క వరుస కూడా రాయకూడదు. ప్రతి వరుస చివరా 'ఎవరు చెప్పారు' అని ఒక గడి ఉంటుంది.

శుక్రవారం ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వస్తోంది. వాళ్ళు సరేనంటే ఇంకో రెండు వేల మందికి ఈ పరికరం అమరుతుంది. ఆ తనిఖీ కోసమే ప్రసూన అనుమతుల పట్టికలన్నీ సరిచూస్తూ, నాట్లలో రాక, పరికరం నుంచీ రాక, దొడ్డిదారిన వచ్చిన వరుసలేమైనా ఉన్నాయా అని డేటాబేస్‌ని అడిగింది. సున్నా వస్తుందనుకుంది. తొమ్మిది వచ్చాయి.

తొమ్మిదీ నూట పదిహేడో నెంబరు రోగివే. 'ఎవరు చెప్పారు' గడిలో తొమ్మిది సార్లూ 'ప్రసూన' అనే ఉంది.

నూట పదిహేడో నెంబరు ఆమె భర్త ఉమాపతి.

 నాలుగేళ్ళ క్రితం ఉమాపతిని చేర్చుకున్నప్పుడు ఆమె ఒక కాగితం మీద సంతకం పెట్టింది. నాట్లప్పుడు చెప్పాల్సింది చెప్పాక భర్త వరుసలను తెరవను, ముట్టను అని. ఆ మాట తప్పలేదు. ఒట్టు పెట్టి చెప్పగలదు. కానీ ఆమె ఒట్టుకీ తెర మీది అక్షరాలకీ పోటీ వస్తే ఎవరైనా అక్షరాలనే నమ్ముతారు. ఇంకొకరి విషయమైతే తనూ అలాగే నమ్మేది.

సమయం చూసింది. సరిగ్గా ఎనభై రెండు రోజుల క్రితం, శుక్రవారం, పదకొండు ఇరవై. వచ్చిన చోటు తన ఇంటి లాప్‌టాప్.

ఏ శుక్రవారమో గుర్తు చేసుకోవడానికి కష్టపడనక్కర్లేదు. ఆ రోజు వరలక్ష్మీ వ్రతం. ప్రతి శుక్రవారం పదకొండుకి అందరి జ్ఞాపకాలనూ టేపు మీదికి నకలు తీసే వారం బ్యాకప్ మొదలవుతుంది. అది జరుగుతున్నంతసేపూ అడ్మినిస్ట్రేటర్ అన్ని గదులూ తెరిచే పెద్దతాళంతో లాగిన్ అయి కనిపెట్టుకుని ఉండాలన్నది నియమం. వ్రతం కాబట్టి ఆ రోజు ఇంటి నుంచే లాగిన్ అయింది. అప్పుడే పై ఫ్లాట్ ఆవిడా, పక్కింటావిడా వచ్చారు. వాయనాలు, శనగలు, బొట్టు, కబుర్లు. లాప్‌టాప్ పడకగదిలో తెరిచినట్టే ఉంది. ఊళ్ళో అందరి పాస్‌వర్డ్‌ల మీదా ఉపన్యాసాలిచ్చే మనిషి, నూట నలభై రెండు మంది మనసుల తాళంచెవిని మంచం మీద పడేసి శనగలు పంచిపెడుతూ కూర్చుంది.

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఉమాపతి, కూతురు హరిణి. ఉమాపతికి లాప్‌టాప్ మూత తెరవడమే రాదు.

ఒక్క వరుస తెరిచింది. తెరవకూడదు. అయినా తెరిచింది.

'హరిణికి పదేళ్ళు. క్రేన్ కేబిన్‌లో నా ఒళ్ళో కూర్చుంది. కింద ఓడలు చెప్పుల పెట్టెల్లా ఉన్నాయి. బుజ్జులూ, సముద్రం అంతా నీదేనే అన్నాను. చాలా సంతోషంగా ఉంది.'

ఉమాపతి పోర్టులో క్రేన్ ఆపరేటర్‌గా చేసేవాడు. కానీ కూతుర్ని ఎన్నడూ క్రేన్ ఎక్కించలేదు. పోర్టు గేటు దాటి పిల్లల్ని రానివ్వరు. ఎక్కిస్తా ఎక్కిస్తా అని మాత్రం ఏళ్ళ తరబడి చెప్పేవాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తండ్రీ కూతుళ్ళు బాల్కనీలో ఉన్నారు. ఉమాపతి చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. హరిణి ఇంటర్ ఫస్టియర్. ఫిజిక్స్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, చదవకుండా, తీసిన చిక్కుడుకాయల్లో పురుగులున్నవి ఏరి తండ్రి గిన్నెలోకే తిరిగి వేస్తోంది.

"ఏవే బుజ్జులూ, నా పని రెండింతలు చేస్తున్నావా? మీ అమ్మతో చెప్తానుండు."

"చెప్పుకో. అమ్మ ఇప్పుడే వచ్చింది."

ఉమాపతి పెద్దగా నవ్వాడు. ప్రసూన చెప్పులు విప్పుతూ అలాగే నిలబడిపోయింది.

మూడు నెలల క్రితం దాకా ఈ నవ్వు లేదు. హరిణి తన కూతురని అతనికి తెలుసు, డేటాబేస్ చెప్పింది కాబట్టి. కానీ ఆ పిల్లను చూస్తే బ్యాంకులో కౌంటరు దగ్గర నిలబడినట్టు నిలబడేవాడు. "మీరు భోంచేశారా అమ్మా?" అని అడిగేవాడు. ఒకసారి మంచినీళ్ళు తెచ్చిస్తే "థాంక్సండీ" అన్నాడు. ఆ రోజు హరిణి బాత్రూంలోకి వెళ్ళి గంటసేపు బయటికి రాలేదు. తర్వాత శ్రావణం నుంచి ఉన్నట్టుండి మనిషి మారాడు. కూతుర్ని ముద్దుపేరుతో పిలవడం, దెబ్బలాడడం, కాలేజీ బస్సు దాకా వెంట వెళ్ళడం మొదలుపెట్టాడు. ప్రసూన దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. ప్రయోగశాల డైరెక్టరు డాక్టర్ సోమయాజులైతే 'నూట పదిహేడులో ప్రేమ దానంతటదే తిరిగొచ్చింది' అని నివేదికలోనే రాశాడు. రెండు వేల మందికి అనుమతి అడుగుతున్నది ఆ నివేదిక మీదే.

ఆమె హరిణిని వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"వ్రతం రోజు నా లాప్‌టాప్ ముట్టుకున్నావా?"

హరిణి బొంకలేదు. బొంకితే బాగుండునని ఒక్క క్షణం ప్రసూనకే అనిపించింది.

"ముట్టుకున్నాను."

"అదేమన్నా డైరీ అనుకున్నావా? మీ నాన్న మనసది! దాంట్లో అబద్ధాలు రాస్తావా?"

"తొమ్మిదిట్లో ఏడు నిజమే అమ్మా. నాకూ నాన్నకీ తప్ప ఎవరికీ తెలీనివి. రెండే కావు. అవి కూడా చేస్తానని నాన్న చెప్పినవే." పిల్ల ఆగలేదు. "నాట్లప్పుడు నన్నెవరైనా అడిగారా? పన్నెండేళ్ళ పిల్ల మాట చెల్లదన్నారు. నా గురించి కూడా నువ్వే చెప్పావు. ఏం చెప్పావు? పుట్టిన తేదీ, స్కూలు పేరు, టాన్సిల్స్ ఆపరేషను, లెక్కల్లో మార్కులు. నాన్నకి నేను రేషన్ కార్డులో పేరు లాగా ఉన్నానమ్మా!"

"అయినా సరే, లేనిది ఉన్నట్టు చెప్పే హక్కు నీకు లేదు."

"ఉన్నది లేనట్టు చేసే హక్కు నీకుందా?"

ప్రసూన ఈసారి తలుపు పూర్తిగా మూసింది.

"గాజువాకలో గది సంగతి నాకు తెలీదనుకున్నావా? పన్నెండేళ్ళు నాకప్పుడు. చెవుడు లేదు కదా."

ఆ గది సంగతి ప్రసూన నాలుగేళ్ళుగా ఎవరితోనూ అనలేదు. జబ్బు చేసిన ఆ ఏడాది మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు తగ్గి, తగ్గి, చివరికి కరెంటు బిల్లు గురించి తప్ప మాట్లాడుకోని రోజులొచ్చాయి. ఉమాపతి గాజువాకలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. సోమవారం వెళ్ళిపోతానన్నాడు. శనివారం జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి అతనికి భార్యే గుర్తులేదు, ఇక భార్యను వదిలి వెళ్దామనుకున్న సంగతి ఎక్కడ గుర్తుంటుంది? నాట్లప్పుడు ఆమె నాలుగు వేల చిల్లర వరుసలు చెప్పింది. పెళ్ళిచూపులు, అరకు ప్రయాణం, పిల్ల పుట్టడం, అన్నీ చెప్పింది. ఆ గది గురించి చెప్పలేదు. జబ్బు మనిషికి ఇవన్నీ ఎందుకులే అనుకుంది. అలా అనుకోవడం తనకు ఎంత సుఖంగా ఉందో ఇప్పుడు కూతురి ముందు నిలబడితే తెలిసింది. 

"అమ్మా, నాన్న వరుసలు తీసేస్తారా?" హరిణి ఈసారి చిన్నపిల్లలా అడిగింది. "తీసేస్తే మళ్ళీ నన్ను 'అండీ' అంటాడా?"



గురువారం ఉదయం తొమ్మిదికే డైరెక్టరు గదిలోకి వెళ్ళి చెప్పేసింది. లాప్‌టాప్ వదిలేసిన సంగతి, హరిణి సంగతి చెప్పింది. గాజువాక సంగతి మాత్రం గొంతులోనే ఉండిపోయింది. సోమయాజులు కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గించే మనిషి. ఆయన మాటలు వినడానికి ప్రసూన ముందుకు వంగాల్సి వచ్చింది.

"అంటే నా నివేదికలో అద్భుతం మీ అమ్మాయి టైపు చేసిందన్నమాట."

"క్షమించండి సార్."

"ఆ తొమ్మిదీ తీసేస్తే?"

"వీలవదు సార్. ఈ ఎనభై రెండు రోజుల్లో వాటిని పట్టుకుని ఆరు వందల పైగా కొత్తవి చేరాయి. కూతురితో కూర్చున్న ప్రతి పూటా ఆ తొమ్మిదిట్లో దేనికో ఒకదానికి ముడిపడి ఉంది. స్వెట్టర్లో ఒక పోగు లాగినట్టవుతుంది."

"అలాంటప్పుడు నియమం ఏం చెబుతోంది?"

ఆ నియమం రాసింది ప్రసూనే. "తప్పుడు వరుస చేరకముందటి బ్యాకప్‌కి రోగిని తీసుకెళ్ళాలి."

అంటే ఎనభై రెండు రోజులు తుడిచిపెట్టుకుపోతాయి. బుజ్జులూ అన్న పిలుపు పోతుంది, చిక్కుడుకాయలు పోతాయి, బస్సు దాకా నడకలు పోతాయి. అందులో హరిణి కల్పించనివి, నిజంగా జరిగినవి ఎన్నో ఉన్నాయి. అవీ పోతాయి.

"టేపు ఉందా?"

"ఉంది సార్. పన్నెండు టేపులు వారానికొకటి చొప్పున తిప్పుతాం. వాటిలో అన్నిటికన్నా పాతది సరిగ్గా ఆ శుక్రవారానిదే. పదకొండు గంటలది. హరిణి రాసింది పదకొండు ఇరవైకి. రేపు పదకొండుకి ఆ టేపు మీద కొత్తది ఎక్కుతుంది."

"అయితే ఈవేళే చేసెయ్యండి. నాకు చేతులు రావడం లేదమ్మా, అయినా చెయ్యండి" అన్నాడు సోమయాజులు.

టేపుల గది అప్పలనరసయ్య రాజ్యం. ప్రయోగశాల పెట్టిన రోజు నుంచీ ఉన్నాడు. టేపు పెట్టెల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో తేదీ, సమయం రాస్తాడు. ఆ రోజు ఎందుకో టేపు తీసి ఇవ్వడానికి తటపటాయించాడు. అటక మీద వెతికాడు, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, టీ తాగుతారా అని రెండుసార్లు అడిగాడు.

"ముందు వేరే మెషీన్ మీద వేసి చూద్దాం" అంది ప్రసూన. అది ఆమె అలవాటు. సరిచూడకుండా ఎవరి మీదా ఏదీ ఎక్కించదు.

టేపు తిరిగింది. నూట పదిహేడు తెరుచుకుంది. దొడ్డిదారి వరుసలు ఎన్ని అని అడిగింది.

తొమ్మిది.

మళ్ళీ అడిగింది. తొమ్మిదే. పదకొండు గంటల టేపులో పదకొండు ఇరవైకి రాసిన వరుసలు! ఆమె లేబుల్ వైపు చూసింది, తెర వైపు చూసింది. వెనక అప్పలనరసయ్య ఊపిరి పీల్చుకోవడం వినబడింది.

"మేడమ్, నానొక తప్పు సేసినానండి."

"ఏం చేశారు?"

"సుక్రారం పదిన్నర కాడి నుంచి పన్నెండు దాకా రాహుకాలం గదండీ. అంతమంది గేపకాలు రాహుకాలంలో ఎక్కించడమేటని, నాను పన్నెండు దాటినాక బటన్ నొక్కుతానండి. మొదుట్నుంచీ ఇలగే. మంచికే గదా అనుకున్నాను."

"మరి లేబుల్ మీద పదకొండని..."

"రూల్లో ఏ టైముందో అదే రాసినానండి. రూలు తప్పకూడదు గదా."

ప్రసూనకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తిట్టడానికి నోరు రాలేదు. ప్రతి శుక్రవారం పదకొండుకి తను లాగిన్ అయ్యేది. సాయంత్రం వచ్చి, తెర మీద ఆకుపచ్చ టిక్కు కనబడితే సరే అనుకునేది. మధ్యలో గంటసేపు టేపు తిరుగుతోందా లేదా అని ఈ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. కనిపెట్టుకుని ఉండాలన్న నియమం రాసిన మనిషే పడుకుంటే, పాపం అప్పలనరసయ్యను ఏమనగలదు?

"అంతకుముందు వారం టేపు?"

"దాని మీద పోయిన సుక్రారందే ఎక్కించేసినామండి. పన్నెండే గదా మనకి."

అంటే శుభ్రమైన ఉమాపతి ఇప్పుడు ఏ టేపులోనూ లేడు.

సంగతి విని సోమయాజులు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కింద బీచ్ రోడ్డు మీద బస్సులు పోతున్నాయి.

"అయితే మిగిలింది ఒక్కటే. ఏది నిజమో ఏది కల్పనో తెలియని జ్ఞాపకాలతో మనిషిని నడిపించకూడదు. నూట పదిహేడుని ఆపెయ్యాలి."

ఆపడమంటే చెవి వెనక బిళ్ళ తీసెయ్యడం. ప్రసూనకు బిళ్ళ పెట్టకముందటి రోజులు కళ్ళ ముందు తిరిగాయి. పొద్దున్నే లేచి, ఎవరండీ మీరు, ఇది ఎవరిల్లు అని అడిగే మనిషి. కాఫీ ఇచ్చేలోపు మళ్ళీ అదే ప్రశ్న.  చేతిలో తనిఖీ కోసం అచ్చువేసిన అనుమతుల పట్టిక ఉంది. ఏదో ఒకటి చూస్తే తప్ప నిలబడలేనన్నట్టు దానివైపు చూసింది. ఎవరికి ఏ అనుమతి ఉందో అందులో వరుసగా ఉంది. డాక్టరు చదవచ్చు. నర్సు కొంత చదవచ్చు. టెక్నీషియన్ పరికరం సరిచెయ్యచ్చు. ఇంట్లోవాళ్ళు నాట్లప్పుడు చెప్పచ్చు. అడ్మినిస్ట్రేటర్ అన్నీ చెయ్యచ్చు. రోగి అన్న మాట కోసం వెతికింది. పట్టిక అంతా వెతికింది.

తనే తయారుచేసిన పట్టిక. నాలుగేళ్ళుగా ఎవరికీ అనుమానం రాలేదు. రాత్రి కాపలా ఉండే గూర్ఖాకి కూడా సర్వర్ గది తలుపు మీద అనుమతి ఉంది. ఉమాపతికి ఉమాపతి మీద ఏ అనుమతీ లేదు.

"సార్, ఏది నిజమో ఆయన్నే అడుగుదాం."

"జ్ఞాపకం లేని మనిషిని జ్ఞాపకాల గురించి అడుగుతారా?"

"అడగడానికి ముందు చూపిద్దాం. ఎవరు ఏం చెప్పారో, పేర్లతో సహా. ఉంచుకుంటారో తీసేస్తారో ఆయన ఇష్టం. ఆయన పేరు మీద అనుమతి రాస్తాను."

"రోగికి కేసు షీటు చేతికివ్వరమ్మా ఏ ఆస్పత్రిలోనూ. అందులో తనకు కిట్టనిది చూస్తే తట్టుకోగలడా?"

"తట్టుకోలేకపోతే నన్ను తిడతారు. బిళ్ళ తీసేస్తే తిట్టడానికి నేనెవరో కూడా తెలీదు సార్."

 కొత్త అనుమతి రాయాలంటే రెండు తాళంచెవులు కావాలి, ఆమెది, ఆయనది. సోమయాజులు జేబులోంచి తన కార్డు తీశాడు. "రేపు వచ్చేవాళ్ళకి జరిగింది జరిగినట్టు చెబుతాను. నా నివేదిక తప్పని కూడా చెబుతాను. మీ ఉద్యోగం సంగతి నా చేతుల్లో ఉండదు."

"తెలుసు సార్."

సాయంత్రం నాలుగింటికి హరిణి తండ్రిని తీసుకొచ్చింది. వరండాలో బెంచీ మీద కూర్చుంది, లోపలికి రానంది. అప్పలనరసయ్య ఆ పిల్ల పక్కనే చతికిలబడి, తన తప్పు పెద్దదా ఆమె తప్పు పెద్దదా అని తేల్చుకోలేనట్టు చేతులు నలుపుకుంటున్నాడు.

గదిలో ఉమాపతి, ప్రసూన ఇద్దరే. ఆమె విషయమంతా చెప్పి, తెర అతనివైపు తిప్పింది. తొమ్మిది వరుసలు. అతను వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాడు. బీచ్‌లో తిన్న మురీ మిక్చర్, అమ్మకు తెలియకుండా కొనిపెట్టిన రంగు చేప, కరెంటు పోయినప్పుడు గోడ మీద నీడలతో ఆడిన ఆట. క్రేన్ దగ్గరికి వచ్చాక ఆగాడు. 

"ఇది జరగలేదు కదా?" అన్నాడు.

"లేదండీ."

"నాకు తెలుసు."

ఆమె తలెత్తింది.

"క్రేన్‌కి నూట పదహారు మెట్లు. అవెక్కడం నా కాళ్ళకి తెలుసు, దానికి ఈ బిళ్ళతో పనిలేదు. ఈ జ్ఞాపకంలో మెట్లే లేవు. ఉన్నట్టుండి పైన ఉంటాం. పైగా ఆ కేబిన్‌లో ఒక్కడు కూర్చుంటేనే మోకాళ్ళు అద్దానికి తగుల్తాయి, పిల్ల ఎక్కడ పడుతుంది?" ఉమాపతి నవ్వబోయి ఊరుకున్నాడు. "ఎవరో నామీద ప్రేమ కొద్దీ పెట్టారనుకున్నాను. అడిగితే తీసేస్తారని భయపడి అడగలేదు."

ప్రసూనకు కళ్ళు నిండాయి.

"ఇప్పుడు వీటిని తీసెయ్యచ్చా నేను?"

"తీసెయ్యచ్చు. ఉంచుకోవచ్చు. అంతా మీ ఇష్టమే."

"ఉండనీ. ఎవరు చెప్పారు దగ్గర మాత్రం నీ పేరు కొట్టేసి హరిణి పేరు రాయి. క్రేన్ పక్కనా, ఆ రెండోదాని పక్కనా 'జరగలేదు, కానీ చెప్పింది' అని రాయి."

ఆమె రాసింది. తెర అనుమతి అడిగింది. అడిగింది ఆమెను కాదు, అతన్ని. ఉమాపతి చూపుడువేలితో మీట నొక్కాడు. గండం గడిచిందనుకుని ప్రసూన లేవబోయింది.

"కూర్చో" అన్నాడు అతను. "మిగతావి ఎన్ని?"

"ఏ మిగతావి?"

"నువ్వు చెప్పినవి."

"నాలుగు వేల రెండు వందలు."

"వాటిల్లో మనం దెబ్బలాడుకున్నవి చూపించు."

ఆమె తెరను తనవైపు తిప్పుకుంది.

"చూపించు ప్రసూనా. పద్నాలుగేళ్ళ కాపురం అప్పటికి. ఒక్కటైనా ఉండాలి కదా. నాకు ఎంత వెతుక్కున్నా దొరకదు. మన సంసారం పెళ్ళి ఆల్బంలా ఉంటుంది నాకు. అందరూ నవ్వుతూ నిలబడే ఉంటారు."

ఇప్పుడు చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. ఏ తనిఖీ బృందమూ పట్టుకోలేదు. లేని వరుసకు గడి ఉండదు. ఆ సంగతి ఆమెకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. అతను లేచి వెళ్ళిపోతే ఇక తనకూ హరిణికీ మిగిలేదేమిటో కూడా తెలుసు.

చెప్పింది. మాటలు తగ్గిపోవడం, గాజువాకలో గది, సోమవారం ప్రయాణం, శనివారం జ్వరం, ఏదీ దాచలేదు.   చెప్పడం అయ్యాక అతను తన అరచేతులు చూసుకున్నాడు.

"నేనెందుకు వెళ్ళిపోదామనుకున్నాను?"

"నేను అస్తమానం ఆఫీసేనని... మీ అమ్మగారి విషయంలో ఒక మాట తూలాను..."

"అవి నువ్వు అనుకున్న కారణాలు. నా కారణం ఏమిటి? నేనేం చెప్పాను?"

 ప్రసూన ఆ పద్నాలుగేళ్ళ కాపురమంతా మనసులో వెతికింది. గది తీసుకున్నానని అతను చెప్పిన సాయంత్రం తను ఏమందో గుర్తుంది, ఎంత గట్టిగా అరిచిందో గుర్తుంది. అతని కారణం తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే ఉండేవాడు. ఆ మనిషికి బ్యాకప్ లేదు.

"తెలీదండీ" అంది. "నేను మిమ్మల్ని అడగలేదు."

బయట వరండాలో హరిణి దగ్గు వినిపించింది. ఉమాపతి కీబోర్డును ఆమె వైపు జరిపాడు. తన చూపుడువేలు మాత్రం మీట మీదే ఉంచాడు.

"అదే రాయి" అన్నాడు. "అడగలేదని రాయి. కింద నీ పేరు పెట్టు."